చిట్టా పుస్తకమా, బిల్లింగ్ యాపా, పెద్ద సాఫ్ట్‌వేరా? చిన్న ఆహార వ్యాపారికి ఎంపిక సలహా

టిఫిన్ సెంటర్, మిఠాయి దుకాణం, పచ్చళ్లూ పొడులూ తయారుచేసే కేంద్రం, ఈ మూడింటినీ 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ఆహార వ్యాపారం అనే ఒకే గాటన కడుతుంది. సాఫ్ట్‌వేర్ అమ్మేవారు కూడా అదే పని చేస్తారు. మూడు చోట్లకూ ఒకే కరపత్రంతో వచ్చి, బిల్లింగు, స్టాకు, ఖాతాలు, ఆన్‌లైన్ ఆర్డర్లు అన్నీ ఒక్క తెర మీదే కనిపిస్తాయని చెబుతారు. అయితే ఈ మూడు వ్యాపారాల్లో డబ్బు జారిపోయే చోటు ఒకటి కాదు. టిఫిన్ సెంటరులో ఉదయం 7 నుంచి 10 గంటల మధ్య రద్దీలో బిల్లు పడకుండా వెళ్లిన ప్లేట్లు, మధ్యాహ్నానికి మిగిలి పులిసిపోయిన పిండి నష్టం తెస్తాయి. మిఠాయి దుకాణంలో కాటా మీద పది గ్రాములు అటూ ఇటూ పోవడం వల్ల, గడువులోగా అమ్ముడుపోక పారవేసిన పాల మిఠాయిల వల్ల లాభం తరిగిపోతుంది. పచ్చళ్ల కేంద్రం సంగతి మరోలా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో కాయ, కారం, ఆవపిండి, నూనె కొనడానికి పెట్టిన డబ్బు ఏడాది పొడుగునా జాడీల్లో కూర్చుంటుంది. ఏ జాడీ ముందు తీయాలో తెలియకపోతే పాత సరుకు అడుగున ఉండిపోతుంది.

అందువల్ల ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అన్న ప్రశ్నకు ముందు, మన దుకాణంలో డబ్బు ఎక్కడ పోతోంది అన్న ప్రశ్నకు జవాబు తెలియాలి. దీనికి యాప్ అక్కరలేదు. రెండు వారాల పాటు ఒక నోటు పుస్తకంలో, బాగా అమ్ముడయ్యే ఐదు రకాలకు మాత్రం, ఎంత వండాం, ఎంత అమ్మాం, ఎంత మిగిలింది, మిగిలినదాన్ని ఏం చేశాం అన్న నాలుగు గడులు రాస్తే చాలు. ఈ పని రెండు వారాలు కూడా చేయలేని దుకాణంలో సాఫ్ట్‌వేర్ పెట్టినా దానిలో ఎవరూ ఏమీ నమోదు చేయరు. కఠినంగా తోచవచ్చు గాని, చిన్న వ్యాపారాల్లో కొన్న సాఫ్ట్‌వేర్ మూలపడటానికి నేను చూసిన కారణాల్లో ఇదే ముందుంటుంది.

లెక్కలు రాయడానికి నాలుగు దారులు

చిట్టా పుస్తకం, ఫోనులో నడిచే బిల్లింగ్ యాప్, కంప్యూటర్‌లో నడిచే ఖాతాల సాఫ్ట్‌వేర్, రెస్టారెంట్ల కోసమే తయారుచేసిన బిల్లింగ్ వ్యవస్థ, ఈ నాలుగూ ఒకే పనికి నాలుగు మెట్లని చాలామంది అనుకుంటారు. అది సరి కాదు. నాలుగూ వేర్వేరు పనులకు పుట్టినవి.

చిట్టా పుస్తకాన్ని తక్కువగా చూడనక్కరలేదు. కరెంటు పోయినా, నెట్టు లేకపోయినా అది పనిచేస్తుంది, గల్లా దగ్గర కూర్చునే ఎవరైనా రాయగలరు. దాని లోపం వెతకడంలో ఉంది. గత దసరాకు కాజాలు ఎన్ని కిలోలు పోయాయో తెలుసుకోవాలంటే పుస్తకమంతా తిరగేయాలి. రోజుకు నలభై, యాభై బిల్లులు దాటని, అరువు ఖాతాలు లేని కర్రీ పాయింటుకు ఇది ఇప్పటికీ సరిపోతుంది. కర్రీ పాయింటు యజమానికి అసలు కావలసినది బిల్లు కాదు, ఏ వారం ఏ కూర ఎంత మిగిలిందన్న లెక్క. మంగళవారం సాయంత్రం గుత్తివంకాయ మిగిలిపోతోందని తెలిస్తే ఆ రోజు రెండు కిలోలు తగ్గించి వండటానికి సాఫ్ట్‌వేర్ సాయం అక్కరలేదు.

వ్యాపార్, ఖాతాబుక్ వంటి ఫోను యాప్‌లు అరువు ఎక్కువగా నడిచే చోట బాగా ఉపయోగపడతాయి. కిరాణా కొట్లకు పొడులు, అప్పడాలు, మురుకులు వేసే చిన్న తయారీదారుకు, ఎవరి దగ్గర ఎంత బాకీ ఉందో, అది ఎన్ని రోజులుగా ఉందో తెలియడమే సగం వ్యాపారం. బాకీ గుర్తుచేసే సందేశం ఫోను నుంచే వెళుతుంది కాబట్టి, నోరు విడిచి అడగడానికి మొహమాటపడేవారికి అది పెద్ద ఊరట. అయితే తయారీ లెక్క, అంటే ఇన్ని కిలోల మినపప్పు, ఇంత నెయ్యి, ఇంత బెల్లం వేస్తే ఇన్ని సున్నుండలు వచ్చాయి అన్న లెక్క, ఇలాంటి యాప్‌లన్నింటిలో సమానంగా ఉండదు. కొన్నింటిలో ఉన్నా ఎక్కువ చందా కట్టినవారికే తెరుచుకుంటుంది. కొనేముందు ఇది చూపించమని అడగాలి.

ట్యాలీ వంటి ఖాతాల సాఫ్ట్‌వేర్ మన ఆడిటరు భాష మాట్లాడుతుంది. దానిలో బ్యాచ్ వారీ సరుకు, తయారీ తేదీ, గడువు తేదీ, ముడిసరుకు నుంచి తయారైన సరుకుకు మార్చే పద్దు అన్నీ ఉన్నాయి. కాని దాన్ని నడపడానికి ఖాతాలు తెలిసిన మనిషి కావాలి; కౌంటర్ దగ్గర రద్దీలో వేగంగా బిల్లు కొట్టడానికి అది అంత అనువు కాదు. హోల్‌సేల్‌గా సరుకు వేసే పచ్చళ్ల కేంద్రానికి, పిండి మిల్లుకు, బేకరీకి ఇది మంచి ఎంపిక. మనిషి లేకుండా ఇది కొంటే, నెలకోసారి ఆడిటరు ఆఫీసులో బిల్లులు ఎక్కించే పనే మిగులుతుంది; అప్పుడది వ్యాపారికి కాక పన్ను రిటర్నులకే పనికివస్తుంది.

అహ్మదాబాద్‌కు చెందిన పెట్‌పూజా వంటి రెస్టారెంట్ బిల్లింగ్ వ్యవస్థలు టేబుళ్లు, వంటింటికి వెళ్లే ఆర్డరు చీటీ, జొమాటో, స్విగ్గీ ఆర్డర్లు నేరుగా బిల్లులోకి రావడం, ఒక కూర అయిపోయిందంటే అన్ని యాప్‌లలోనూ దాన్ని ఒకేసారి ఆపేయడం వంటివాటి కోసం పుట్టాయి. రెండు డెలివరీ యాప్‌ల నుంచి రోజుకు ముప్ఫై, నలభై ఆర్డర్లు వస్తూ, కౌంటర్ మీద రెండు ఫోన్లు మోగుతూ ఉన్న చోట వీటి ఖర్చు తిరిగి వస్తుంది. అంతకు తక్కువైతే రావడం కష్టం. ఒక చిన్న విషయం ముందే చూసుకోవాలి. రసీదు ముద్రించే థర్మల్ ప్రింటర్లలో సాధారణంగా తెలుగు అక్షరాలు ఉండవు. సాఫ్ట్‌వేర్ ఆ చీటీని బొమ్మగా పంపితేనే తెలుగు అచ్చవుతుంది. వంటింట్లో మాస్టరు తెలుగు మాత్రమే చదవగలిగితే, లేదా ఇప్పుడు చాలా చోట్ల ఉన్నట్టు ఒడిశా నుంచో బెంగాల్ నుంచో వచ్చిన కుర్రవాళ్లు పనిచేస్తుంటే, ఆర్డరు చీటీ ఏ భాషలో వస్తుంది అన్నది నెలచందా ఎంత అన్నదాని కంటే పెద్ద ప్రశ్న.

ఇక కొనుగోలు, తయారీ, స్టాకు, ఖాతాలు అన్నిటినీ ఒకే చోట కలిపే ఈఆర్‌పీ అనే పెద్ద వ్యవస్థ. 2025 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న కేంద్ర ప్రభుత్వ నిర్వచనం ప్రకారం, యంత్రాల మీద 2.5 కోట్ల రూపాయల వరకు పెట్టుబడి, 10 కోట్ల వరకు టర్నోవరు ఉన్నది సూక్ష్మ సంస్థ. మన ఊళ్లలోని మిఠాయి దుకాణాలు, పచ్చళ్ల కేంద్రాలు దాదాపు అన్నీ ఈ గీత లోపలివే. రెండో ఉత్పత్తి కేంద్రమో, నాలుగైదు శాఖలో ఏర్పడి, ఒక చోట తయారైన సరుకు మరో చోటికి రోజూ వెళుతున్నప్పుడు తప్ప ఈఆర్‌పీ గురించి ఆలోచించడం అనవసరం.

పన్ను రేట్లను మన చేత్తో మార్చుకోగలమా అన్నది ఏ సాఫ్ట్‌వేర్‌కైనా పెట్టవలసిన పరీక్ష. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు ప్యాకెట్లలో అమ్మే కారపు చిరుతిళ్లు 12 శాతం నుంచి 5 శాతానికి దిగాయి. ఒకేసారి డబ్బు కట్టి కొని, తరువాత సేవ లేని పాత సాఫ్ట్‌వేర్ వాడేవారు ఆ వారంలో పడిన ఇబ్బంది చెప్పనలవి కాదు. అలాగే 2022 జనవరి 1 నుంచి ప్రతి బిల్లు మీద ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చిన 14 అంకెల నంబరు ఉండాలి. టర్నోవరు మీద తక్కువ శాతం జీఎస్టీ కట్టే కాంపొజిషన్ పథకంలో ఉన్నవారు పన్ను విడిగా వసూలు చేయరు కనుక వారి బిల్లు నమూనా వేరు. ఈ రెండూ సాఫ్ట్‌వేర్ ఇవ్వగలదో లేదో నమూనా బిల్లు అచ్చు వేయించి చూడాలి.

అమ్మకపు దారులు

ఇక్కడే ఎక్కువ డబ్బు పోతుంది, ఇక్కడే ఎక్కువ ఆలోచన కావాలి.

వండిన ఆహారానికి డెలివరీ యాప్‌లు తెచ్చే గిరాకీ నిజం, అవి తీసుకునే వాటా కూడా నిజం. ఒప్పందాన్ని బట్టి కమీషను మారుతుంది కాబట్టి లెక్క కోసం 25 శాతం అనుకుందాం. 300 రూపాయల బిర్యానీ ఆర్డరు మీద కమీషను 75 రూపాయలు, ఆ కమీషను మీద 18 శాతం జీఎస్టీ 13.50 రూపాయలు, వెరసి 88.50. ముడిసరుకు 40 శాతం, అంటే 120 రూపాయలు, డబ్బాకూ సంచికీ 15 రూపాయలు అనుకుంటే చేతిలో మిగిలేది 76.50. అద్దె, జీతాలు, గ్యాసు, కరెంటు దీనిలోంచే రావాలి. ఇదే ఆర్డరు మీద మనం 30 రూపాయల తగ్గింపు ఇచ్చి, 270 మీద కమీషను పడితే, మిగిలేది 55.35కు దిగుతుంది. అంటే 30 రూపాయల తగ్గింపు మనకు మిగిలేదానిలో నాలుగో వంతు కంటే ఎక్కువ తినేసింది. ఆఫర్లలో చేరమని యాప్ ప్రతినిధి ఫోను చేసినప్పుడు ఈ లెక్క ఎదురుగా ఉండాలి.

పన్ను విషయంలో ఒక మెలిక ఉంది. 2022 జనవరి 1 నుంచి డెలివరీ యాప్‌ల ద్వారా వెళ్లే రెస్టారెంటు ఆహారం మీద 5 శాతం జీఎస్టీని ఆ యాప్ సంస్థలే కడతాయి. కనుక ఆ అమ్మకాలను మన బిల్లింగ్‌లో వేరుగా చూపాలి, లేకపోతే పన్ను రెండుసార్లు కట్టే ప్రమాదం ఉంది. పైగా 5 శాతం పద్ధతిలో ఉన్న రెస్టారెంటుకు ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొనుగోళ్ల మీద కట్టిన పన్నును తగ్గించుకునే వీలు, రాదు కాబట్టి, కమీషను మీద కట్టిన 13.50 రూపాయలు తిరిగి రాని ఖర్చే. చాలామంది దీన్ని కమీషనులో కలిపి చూడరు. ఈ సంస్థల వ్యాపార పద్ధతుల మీద రెస్టారెంట్ల జాతీయ సంఘం ఫిర్యాదు చేయగా, వ్యాపారాల మధ్య పోటీ న్యాయంగా ఉందో చూసే కాంపిటీషన్ కమిషన్ 2022 ఏప్రిల్‌లో దర్యాప్తుకు ఆదేశించింది. కాని దాని ఫలితం కోసం ఎదురుచూస్తూ మన లెక్క వాయిదా వేసుకోలేం.

నా సలహా ఏమిటంటే, కొత్తగా పెట్టిన చోట మొదటి ఆరు నెలలు డెలివరీ యాప్‌ను ప్రకటన ఖర్చుగా చూడాలి. ఆ తరువాత రెండు కిలోమీటర్ల లోపలి గిరాకీని నెమ్మదిగా నేరుగా ఫోను వైపు తిప్పుకోవాలి. టిఫిన్ సెంటరుకు మాత్రం ఇడ్లీ, దోసె వంటి తక్కువ ధర సరుకు మీద ఈ వాటా భరించడం కష్టం; నలుగురికి సరిపడే పెద్ద పార్సిళ్లుగా కట్టి పెడితే తప్ప అది లాభించదు.

ఓఎన్‌డీసీ గురించి అడిగేవారు చాలామంది. 2021 చివర కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ చొరవతో ఏర్పడిన ఈ వేదిక ఒక యాప్ కాదు. అమ్మేవారు ఒక యాప్‌లో, కొనేవారు మరో యాప్‌లో ఉండి కలుసుకునే దారి. వాటా సాధారణంగా తక్కువ. అయితే ఆర్డరు తేడా వస్తే కొనుగోలు యాప్, అమ్మకపు యాప్, డెలివరీ సంస్థ మూడూ వేర్వేరు కావడంతో ఎవరిని అడగాలో తేలడానికి సమయం పడుతుంది. దీన్ని రెండో కిటికీగా తెరిచి ఉంచడం మంచిది, వీధి తలుపుగా పెట్టుకోవడం ఇప్పటికి తొందరపాటు.

పచ్చళ్లు, పొడులు, మిఠాయిలు పార్సిల్‌లో పంపేవారికి లెక్క పూర్తిగా మారిపోతుంది. వీరికి వాట్సాప్ బిజినెస్, సొంత వెబ్‌సైటు, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ వంటి అంగళ్లు, ఈ మూడు దారులున్నాయి. వీటిని పోల్చేముందు పన్ను చట్టంలోని ఒక అంశం తెలిసి ఉండాలి, ఎందుకంటే అది మన రెండు రాష్ట్రాల మధ్యే ఎక్కువగా తగులుతుంది. సరుకు అమ్మేవారికి జీఎస్టీ నమోదు పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. అయితే రాష్ట్రం దాటి సరుకు అమ్మితే ఈ పరిమితి వర్తించదు, మొదటి డబ్బా నుంచే నమోదు తప్పనిసరి. గుంటూరులో పెట్టిన ఆవకాయ హైదరాబాద్‌లోని కొనుగోలుదారుకు వెళితే, 2014 జూన్ 2 తరువాత అది వేరే రాష్ట్రమే. ఏడాదికి ఐదు లక్షల వ్యాపారం చేసే గృహిణి అయినా సరే, ఈ నియమం నుంచి మినహాయింపు లేదు. కాంపొజిషన్ పథకంలో ఉన్నవారు రాష్ట్రం దాటి సరుకు అమ్మడానికే వీల్లేదు. వెబ్‌సైటు పెట్టించే ముందు ఆడిటరును కలవాలని చెప్పడానికి ఇదే కారణం. వెబ్‌సైటు తయారుచేసే కుర్రవాడికి ఇది తెలియకపోవచ్చు.

వాట్సాప్ బిజినెస్ ఖర్చు దాదాపు సున్నా. సరుకుల పట్టికను బొమ్మలతో పెట్టుకోవచ్చు, తెలుగులోనే మాట్లాడుకోవచ్చు, అమ్మమ్మ గొంతుతో వచ్చిన వాయిస్ మెసేజ్‌లో కూడా ఆర్డరు తీసుకోవచ్చు. దాని బలహీనత కూడా అదే. చిరునామా ఒక సందేశంలో, కారం తక్కువ వేయమన్న మాట మరో సందేశంలో, డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్ ఇంకో సందేశంలో ఉంటాయి. స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపకూడదు, బ్యాంకు ఖాతాలో జమ చూసే పంపాలి. బ్రాడ్‌కాస్ట్ జాబితాకు పంపిన సందేశం మన నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే చేరుతుంది. వెయ్యి మందికి పంపామనుకుని రెండు వందల మందికే చేరిన సందర్భాలు మామూలు. రోజుకు పదిహేను, ఇరవై పార్సిళ్లు దాటనంతవరకు వాట్సాప్, దానితో పాటు ఆర్డర్లు ఎక్కించే ఒక స్ప్రెడ్‌షీట్ సరిపోతాయని నా అంచనా. ఆ పైన ఒక మనిషి రోజంతా ఫోను పట్టుకుని కూర్చోవలసి వస్తుంది, ఆ మనిషి జీతం వెబ్‌సైటు ఖర్చును దాటిపోతుంది.

సొంత వెబ్‌సైటుకు నెలచందా, చెల్లింపు గేట్‌వే రుసుము, కొరియరు ఖర్చు ఉంటాయి. గేట్‌వే రుసుము 2 శాతం అనుకుంటే, కిలో 600 రూపాయల పచ్చడి మీద 12 రూపాయలు, దాని మీద జీఎస్టీ 2.16. ఇది చిన్నదే. అసలు దెబ్బ కొరియరు దగ్గర తగులుతుంది. కొరియరు సంస్థలు సాధారణంగా పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి వచ్చిన అంకెను, అసలు బరువును పోల్చి, ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. 30, 20, 20 సెంటీమీటర్ల పెట్టెలో కిలో పచ్చడి పంపితే లోపల ఉన్నది కిలోన్నర లోపే అయినా 2.4 కిలోలకు డబ్బు కట్టాలి. వెబ్‌సైటు రంగులు ఎలా ఉండాలో చర్చించడానికి నెల గడిపేవారు పెట్టె కొలత గురించి పది నిమిషాలు ఆలోచించరు. డబ్బు సరుకు అందాక తీసుకునే పద్ధతి పచ్చళ్లకు వద్దు. తిరిగి వచ్చిన డబ్బా నూనె కారి, ఎండకు ఉండి వస్తుంది, దాన్ని మరొకరికి అమ్మలేం.

పెద్ద ఆన్‌లైన్ అంగళ్లు కొత్త ఊళ్ల కొనుగోలుదారులను తెస్తాయి, కాని వారి ఫోను నంబర్లు మనకు ఇవ్వవు. ఒకసారి కొన్నవారు మళ్లీ కొనేటప్పుడు మన పేరు కాక, వెతికినప్పుడు పైన కనిపించిన పేరు చూస్తారు. అంతేకాక, సరుకు కొనుగోలుదారుకు చేరేసరికి నిల్వ ఉండే కాలంలో కనీసం 30 శాతం గాని, గడువుకు 45 రోజులు గాని మిగిలి ఉండాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024 నవంబరులో ఈ-కామర్స్ సంస్థలకు సూచించింది. రెండు, మూడు వారాలే నిలిచే మిఠాయిల కంటే ఏడాది నిలిచే పచ్చళ్లకు, పొడులకు ఈ దారి అనువైనది. ఈ అంగళ్లు మన అమ్మకం మీద 0.5 శాతం మూలంలోనే పన్ను పట్టి ప్రభుత్వానికి కడతాయి. అది జీఎస్టీ ఖాతాలో జమ అవుతుంది గాని, రిటర్నులో సరిచూసుకోని వ్యాపారికి ఆ డబ్బు ఉన్న సంగతే తెలియదు.

అమెరికాలోని తెలుగువారికి పంపే పార్సిళ్ల మీద ఆధారపడినవారు ఒకటి గమనించాలి. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో ఆగిపోయింది. ఆ తేదీకి ముందు చూసుకున్న ధరల మీద వెబ్‌సైటు నడుపుతుంటే వెంటనే సవరించుకోవాలి.

తయారీ లెక్క, బ్యాచ్ లెక్క

పచ్చళ్ల కేంద్రానికి నేను అన్నిటికంటే ముందు డబ్బు పెట్టమనే చోటు ఇది. అమ్మకం సాఫ్ట్‌వేర్ తరువాత రావచ్చు.

ఒక నూనె డబ్బా వాసన పట్టిందని రెండు నెలల తరువాత తెలిసిందనుకుందాం. ఆ డబ్బా నూనె ఏ జాడీల్లో పడిందో రాసి ఉంటే మూడు జాడీలు పక్కన పెడితే సరిపోతుంది. లేకపోతే ఆ సీజను సరుకంతా అనుమానమే. ఆహార పదార్థాలను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకునే విధానం మీద 2017లోనే నిబంధనలు వచ్చాయి, లేబుల్ మీద బ్యాచ్ నంబరు ఎలాగూ ఉండాలి. కాని చాలా డబ్బాల మీద ఆ నంబరు లాంఛనంగా ఉంటుంది, దాని వెనుక పుస్తకం ఉండదు. జాడీ మూత మీద రాసిన గుర్తు, పుస్తకంలో ఆ జాడీకి వాడిన కాయ, కారం, నూనె బిల్లుల నంబర్లు, డబ్బా లేబుల్ మీద అదే గుర్తు, ఈ మూడూ కలిస్తే కాగితం మీదైనా అది సరైన వ్యవస్థే. ఒక జాడీ సరుకు పావు కిలో, అర కిలో, కిలో డబ్బాలుగా చీలి, నాలుగు చోట్ల అమ్ముడవుతున్నప్పుడు మాత్రం స్ప్రెడ్‌షీట్ కావాలి. రకాలు ఇరవై దాటితే బ్యాచ్ పట్టే సాఫ్ట్‌వేర్ కావాలి.

సాఫ్ట్‌వేర్ చూపించడానికి వచ్చినవారిని తరుగు గురించి అడగండి. ఆవకాయలో జీడి తీసేసినా టెంక ముక్కతోనే ఉంటుంది. మాగాయలో చెక్కూ టెంకా రెండూ పోతాయి, ఉప్పులో ఊరి ఎండాక ముక్క బరువు ఇంకా తగ్గుతుంది. ఒకే మామిడికాయ రెండు రకాల తరుగుతో రెండు ధరలు తెచ్చుకుంటుంది. ఒక్కో రకానికి వేరే తరుగు పెట్టుకునే వీలు లేని సాఫ్ట్‌వేర్ చెప్పే ఖర్చు రెండు పచ్చళ్లకూ తప్పే అవుతుంది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులకు ఇలాంటి చిక్కే మరో రూపంలో ఉంది. రేకు ఒక ఇంట తయారై, నెయ్యి, బెల్లం వేసి చుట్టడం మరో చోట జరిగే పద్ధతిలో, సరుకు బరువుతో కాక లెక్కతో కదులుతుంది, కూలి కూడా లెక్క చొప్పునే పడుతుంది. కిలోల్లో తప్ప ఆలోచించని సాఫ్ట్‌వేర్ అక్కడ పనికిరాదు.

ఫ్రిజ్‌లో పెట్టే సరుకు ఉన్నవారికి ఉష్ణోగ్రత నమోదు అవసరం. చల్లని ఆహారం 5 డిగ్రీల లోపు ఉండాలి. ఒక్క ఫ్రిజ్ ఉన్న చోట థర్మామీటరు, గోడకు తగిలించిన కాగితం, రోజుకు రెండు సార్లు అంకె రాసే మనిషి చాలు. ఐస్‌క్రీము, పనీరు, కేకులు నిల్వ చేసే చోట రాత్రి కరెంటు పోతే ఫోనుకు హెచ్చరిక పంపే పరికరం ఒక్క రాత్రిలోనే తన ధర రాబట్టుకుంటుంది.

చెల్లింపుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 2016లో యూపీఐ వచ్చాక, 2020 జనవరి నుంచి బ్యాంకు ఖాతా ద్వారా జరిగే యూపీఐ చెల్లింపు మీద వ్యాపారికి రుసుము లేకపోయాక, గల్లా పక్కన స్కానరు లేని టిఫిన్ సెంటరు కనిపించదు. సౌండ్ బాక్సుకు నెల అద్దె ఎంత, లావాదేవీలు తక్కువైతే అద్దె పెరుగుతుందా అన్నది మాత్రం అడగాలి. యజమాని సొంత పొదుపు ఖాతాకు స్కానరు పెట్టుకోవడం మానాలి. ఇంటి డబ్బు, దుకాణం డబ్బు కలిసిపోయాక ఏ సాఫ్ట్‌వేరూ వాటిని విడదీయలేదు.

పెట్టుబడి సాయం కోసం చూసే తయారీ యూనిట్లకు 2020 జూన్‌లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పీఎంఎఫ్‌ఎంఈ పథకం తెలిసే ఉంటుంది. బ్యాంకు రుణంతో ముడిపడి, అర్హమైన ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ దాని ముఖ్యాంశం. ఇది పచ్చళ్లు, పొడులు, మిల్లుల వంటి ప్రాసెసింగ్ యూనిట్ల కోసం ఉద్దేశించినది. టిఫిన్ సెంటరుకు బిల్లింగ్ మెషిను కొనడానికి కాదు. ప్రస్తుత గడువు, నియమాలు జిల్లాలోని పథకం ప్రతినిధి దగ్గర సరిచూసుకున్నాకే యంత్రాల కొటేషన్లు తెప్పించాలి.

సంతకం పెట్టే ముందు

ఏ సంస్థదైనా సరే, మన కొనుగోలుదారుల జాబితా, సరుకుల జాబితా, గత బిల్లులు మొత్తం ఎక్సెల్ ఫైలుగా మన చేత్తో దించుకోగలమా అని అడిగి, వారి ఎదుటే ఒకసారి దించి చూడాలి. చందా ఆపేసిన మరుసటి రోజు పాత బిల్లులు తెరుచుకోకపోతే, ఏడాది చివర ఆడిటరు ముందు చేతులు కట్టుకుని నిలబడవలసి వస్తుంది. తెలిసిన ఒక మిఠాయి దుకాణంలో సరిగ్గా ఇదే జరిగి, ఎనిమిది నెలల బిల్లులను కాగితం రసీదుల నుంచి మళ్లీ ఎక్కించారు. నెట్టు లేనప్పుడు బిల్లు పడుతుందా అన్న ప్రశ్నకు నోటి జవాబు ఒప్పుకోకుండా, రౌటరు తీగ పీకి చూడాలి. ఏడాది చందా ఒకేసారి కడితే తగ్గింపు అంటారు. మొదటి మూడు నెలలు నెలచందాయే మేలు, కాస్త ఎక్కువైనా సరే. కొనుగోలుదారుల ఫోను నంబర్లు, చిరునామాలు దాచుకుంటున్నవారు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని కూడా గుర్తుంచుకోవాలి. ఆ జాబితాను పక్క వ్యాపారికి ఇవ్వడం ఇప్పుడు మర్యాదకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

మార్పు ఎప్పుడు మొదలుపెట్టాలన్నది కూడా ఎంపికలో భాగమే. ఆడిటర్లు ఏప్రిల్ 1 అంటారు, ఖాతాల ప్రకారం అది సబబే. కాని పచ్చళ్ల కేంద్రానికి ఏప్రిల్ అంటే కాయలు దిగే నెల, ఎవరికీ ఊపిరాడని కాలం. వారికి ఫిబ్రవరి చివర మంచిది. పాత జాడీలు ఖాళీ అయి ఉంటాయి, మిగిలిన సరుకు ఒక్క పూటలో లెక్కపెట్టవచ్చు. మిఠాయి దుకాణానికి ఆషాఢం సరైన సమయం. పెళ్లిళ్లు ఉండవు, శ్రావణం వచ్చేలోగా నెల రోజులు చేతిలో ఉంటాయి. ఆ నెలంతా పుస్తకంలోనూ సాఫ్ట్‌వేర్‌లోనూ రెండు చోట్లా రాసి, ప్రతి రాత్రి గల్లాలోని డబ్బుతో రెండింటినీ సరిచూసి, వరుసగా పది రోజులు తేడా రాని నాడు పుస్తకం రాయడం ఆపవచ్చు.